బళ్ళలోనూ బద్లీ పద్ధతేనా?



బోనసు, పనిభారం, పి.ఎఫ్. బాకీలు వదిలిపెట్టి ఈసారి బడి గురించి రాస్తున్నామేమిటని కొందరు సభ్యులు అడగవచ్చు. యూనియన్ ఆఫీసుకు వచ్చేవాళ్ళు జీతం చీటీ ముందుపెట్టి లెక్క అడుగుతారు. అది తేలాక, లేచి పోబోతూ చాలామంది అడిగే మాట ఇంకొకటుంది. "మావాడు మూడో క్లాసుకొచ్చినా కూడబలుక్కుని కూడా చదవలేకున్నాడు, ఏం చెయ్యాల?" దీనికి జవాబు మనం యాజమాన్యంతో చేసుకున్న ఏ ఒప్పందంలోనూ దొరకదు. జవాబు ప్రభుత్వం దగ్గర ఉంది, ప్రభుత్వం ఖర్చుపెట్టే డబ్బులో ఉంది. అందుకే ఈ వ్యాసం.

మన జిల్లా సంగతి మనకు తెలియనిది కాదు. 2011 జనాభా లెక్కల్లో తమిళనాడులోని జిల్లాలన్నిటిలో అక్షరాస్యత అడుగున ఉన్నది ధర్మపురి. వందకు 68 చిల్లర. అందులో మన తెలుగు ఇళ్ళ పిల్లల కష్టం మరొక మెట్టు ఎక్కువ. ఇంట్లో వినేది తెలుగు, బడిలో మొదటి రోజు చేతికొచ్చేది తమిళ పుస్తకం. తండ్రి రాత్రి షిఫ్టు, తల్లి పొద్దున షిఫ్టు. సాయంత్రం పిల్లవాడి పలక చూసే మనిషి ఇంట్లో ఉండరు. ఇక బడిలో చూద్దామంటే, 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం 60 మంది లోపు పిల్లలున్న ప్రాథమిక పాఠశాలకు ఇద్దరు టీచర్లు ఉంటే చాలు. తరగతులు ఐదు, టీచర్లు ఇద్దరు. ఒక టీచరు సెలవు పెట్టినా, ఎన్నికల పనికో జనగణనకో పోయినా, మిగిలేది ఒక్కరే. ఇదంతా చట్టప్రకారమే జరుగుతోంది. ఎవరి మీదా ఫిర్యాదు చెయ్యడానికి కూడా వీలులేదు.

ఇలాంటి తరగతికి టీచరు పక్కన నిలబడే ఇంకొక మనిషి కావాలి. అక్షరం దిద్దించడానికి, వెనకబడ్డ నలుగురినీ ఒక పక్కన కూర్చోబెట్టి చెప్పడానికి, చంటిదానిలా ఏడ్చే ఒకటో తరగతి పిల్లకు దాని భాషలో రెండు మాటలు చెప్పడానికి. మన మిల్లు పనిలో ఇది అందరికీ తెలిసిన విషయమే. రింగ్ ఫ్రేము ముందు సైడరును ఒక్కడినే నిలబెట్టి, తెగిన దారమూ నువ్వే అతుకు, నిండిన కాపులూ నువ్వే తియ్యి, ఖాళీ బాబిన్లూ నువ్వే పెట్టు అంటే ఆ ఫ్రేము నడవదు. అందుకే డాఫర్లుంటారు. డాఫరుకు పని నేర్పిస్తారు, ఎందుకంటే పని రాని డాఫరు చెయ్యి పెడితే దారాలు తెగి సైడరుకే పని పెరుగుతుంది. సైడరు ఉద్యోగం ఖాళీగా పెట్టి, ఆ ఫ్రేమును డాఫరు కూలీతో డాఫరు చేతనే నడిపిస్తే? అప్పుడు దాన్ని సహాయం అనరు, దోపిడీ అంటారు. బళ్ళలో ఈ రెండిటిలో ఏది జరుగుతోందో చూడాలి.

సహాయకులను పెడితే పిల్లలకు మేలు జరుగుతుందా అన్న ప్రశ్నకు మన రాష్ట్రంలోనే జవాబుంది. తమిళనాడులో 320 అంగన్‌వాడీ కేంద్రాలను తీసుకుని పరిశోధకులు ఒక పరీక్ష చేశారు. సగం కేంద్రాల్లో ఉన్న వర్కరుకు తోడుగా పూటపనికి ఇంకొక మనిషిని అదనంగా వేశారు. ఏడాదిన్నర తర్వాత చూస్తే ఆ కేంద్రాల్లో పిల్లలకు పాఠం చెప్పే సమయం రెట్టింపయింది, లెక్కలోనూ భాషలోనూ పిల్లలు ముందుకు పోయారు. ఇంకొక విశేషం, ఎదుగుదల లేక గిడసబారిన పిల్లల సంఖ్య కూడా తగ్గింది. పాఠం పని ఒకరు పంచుకునేసరికి పాత వర్కరుకు పిల్లల తిండి చూసుకునే తీరిక దొరికింది మరి.

కరోనా కాలంలో బళ్ళు మూతబడి పిల్లలు నేర్చినదంతా మరిచిపోయినప్పుడు, 2021 అక్టోబరు 27న విళుపురం జిల్లా ముదలియార్‌కుప్పంలో 'ఇల్లం తేడి కల్వి' మొదలైంది. ఇంటి ముంగిటికే చదువు అని అర్థం. మీలో చాలామంది ఇళ్ళ దగ్గర సాయంత్రం పూట పిల్లలను కూర్చోబెట్టి చెప్పిన అమ్మాయిలు ఆ పథకం వాళ్ళే. గ్రామీణ తమిళనాడులో సుమారు 19,000 మంది పిల్లలను పరీక్షించి చూసిన పరిశోధకులు, పోగొట్టుకున్న చదువులో మూడింట రెండు వంతులు బళ్ళు తెరిచిన ఆరు నెలల్లో తిరిగి వచ్చిందనీ, ఆ కోలుకోవడంలో ఇంచుమించు నాలుగో వంతు ఈ సాయంత్రం తరగతుల పుణ్యమేననీ తేల్చారు. ఇంత పని చేసిన ఆ అమ్మాయిలకు ప్రభుత్వం ఇచ్చినది నెలకు 1,000 రూపాయలు. రోజుకు గంటన్నర, నెలకు 20 రోజులే అని తక్కువలో తక్కువ లెక్క వేసినా 30 గంటలు. గంటకు 33 రూపాయలు. దానికి జీతం అని పేరు పెట్టలేదు, ప్రోత్సాహకం అన్నారు. వాళ్ళను ఉద్యోగులనలేదు, వాలంటీర్లన్నారు.

పేరు మార్చి జీతం ఎగ్గొట్టే విద్య మనకు కొత్తదా? కోయంబత్తూరు, తిరుప్పూరు, ఈరోడు, దిండుక్కల్ వైపు మిల్లులకు మన జిల్లా ఆడపిల్లలను బస్సుల్లో ఎక్కించుకుపోయిన రోజులు గుర్తు చేసుకోండి. హాస్టల్లో పెట్టి, మూడేళ్ళు 'అప్రెంటిస్' అని పేరు పెట్టి, చివర్లో పెళ్ళికి పనికొచ్చే మొత్తం ఒక్కసారిగా ఇస్తామన్నారు. ఆ పిల్లలు తీసిన నూలు మాత్రం అప్రెంటిస్ నూలు అని తక్కువ ధరకు అమ్ముడుపోలేదు. 1981లో తమిళనాడు ప్రభుత్వం చట్టం చేసింది, 24 నెలల్లో 480 రోజులు పని చేసినవాడిని పర్మనెంటు చెయ్యాలని. ఆ చట్టం ఉండగానే 470వ రోజున బ్రేకు ఇచ్చి, పేరు కొట్టేసి, మళ్ళీ కొత్తగా రాసుకున్న రిజిస్టర్లు మనలో ఎంతమందిమి చూడలేదు?

బళ్ళలో ఇప్పుడు అదే రిజిస్టరు తెరిచారు. 2012లో తమిళనాడులో డ్రాయింగు, ఆటలు, చేతిపనుల వంటివి నేర్పడానికి 16,549 మంది పార్ట్‌టైము టీచర్ల పోస్టులు ఇచ్చారు. వారానికి మూడు పూటలు, నెలకు 5,000. పన్నెండేళ్ళు గడిచి 2024కు వచ్చేసరికి అది 12,500 అయింది. ఏళ్ళ తరబడి మే నెల జీతమే లేదు. మే నెలలో వాళ్ళ ఇంట్లో పొయ్యి వెలగదనుకున్నారేమో! 2022లో 13,331 టీచరు ఖాళీలను పాఠశాల నిర్వహణ కమిటీల ద్వారా తాత్కాలికంగా నింపమన్నారు. ప్రాథమిక తరగతుల టీచరుకు అప్పుడు నిర్ణయించినది 7,500. అదే గదిలో అదే పని చేసే పర్మనెంటు టీచరు జీతంతో పోల్చుకోండి. ఆంధ్ర, తెలంగాణల్లో మన బంధువులున్నవాళ్ళకు 'విద్యా వాలంటీరు' అనే మాట తెలిసే ఉంటుంది. తెలంగాణలో నెలకు 12,000 మీద పని చేసిన సుమారు 12,000 మందిని, 2020లో కరోనాకు బళ్ళు మూతపడ్డాక తిరిగి తీసుకోలేదు. నోటీసు లేదు, నష్టపరిహారం లేదు. మిల్లు లేఆఫ్ ఇచ్చినప్పుడు బద్లీవాడికి జరిగేదే వాళ్ళకూ జరిగింది.

చదువుకున్న పెద్దలు కొందరు ఇక్కడ ఒక వాదం తెస్తారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 100 బళ్ళకు ఒక్కొక్క కాంట్రాక్టు టీచరును అదనంగా ఇచ్చి రెండేళ్ళు చూశారు. పిల్లల చదువు మెరుగుపడింది. పర్మనెంటు టీచరు జీతంలో ఐదోవంతు తీసుకునే ఈ కాంట్రాక్టు వాళ్ళు పని విషయంలో ఏమీ తీసిపోలేదని కూడా తేలింది. అందుకని తక్కువ జీతం వాళ్ళే చాలు, ఖజానాకు ఆదా అంటారు. మేము దీన్ని తలకిందులుగా చదువుతున్నాం. బద్లీ కార్మికుడు తీసిన 40వ నంబరు నూలు పర్మనెంటు కార్మికుడి 40వ నంబరు కంటే ఏ రకంగానూ తక్కువ కాదని మన యూనియన్ ఎన్నో ఏళ్ళుగా చెబుతూనే ఉంది. పని సమానమని ఎదుటివాళ్ళే లెక్క తేల్చి చూపిస్తే, కూలీ కూడా సమానం కావాలనడానికి అది మనకు సాక్ష్యం. ఐదోవంతు ఇస్తే సరిపోతుందనడానికి ఎలా అవుతుంది?

ఇంకొక మాట కూడా చెప్పాలి. మొదట వాలంటీరుగా చేరండి, తర్వాత చూద్దాం, పర్మనెంటు చేస్తాం అనే మాటను మన ఆడపిల్లలెవరూ నమ్మవద్దు. 2006 ఏప్రిల్ 10న ఉమాదేవి కేసులో సుప్రీం కోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఇచ్చిన తీర్పు ఏమంటే, సరైన ఎంపిక పద్ధతి లేకుండా తాత్కాలికంగా తీసుకున్నవాళ్ళు ఎన్నేళ్ళు పని చేసినా ప్రభుత్వంలో పర్మనెంటు హక్కుగా అడగలేరని. ఏవో కొన్ని మినహాయింపులున్నాయి గాని, అడ్డదారిన లోపలికి రమ్మన్న ప్రభుత్వమే తర్వాత కోర్టులో ఆ తీర్పు చూపిస్తుంది. కాబట్టి పోరాటం మొదటి రోజునే జరగాలి. మంజూరైన పోస్టు కావాలి, ప్రకటన ఇచ్చి, రిజర్వేషన్ పాటించి, పరీక్ష పెట్టి తీసుకోవాలి. పది సంవత్సరాల తర్వాత సచివాలయం ముందు టెంటు వేసుకుని కూర్చునే కంటే ఇది మేలు.

శిక్షణ సంగతి దీనికంటే చిన్నది కాదు. ఇంగ్లండులో 2003లో ప్రభుత్వం, చాలా యూనియన్లు కలిసి ఒప్పందం చేసుకుని టీచర్ల పనిభారం తగ్గించడానికి తరగతి సహాయకులను పెద్ద ఎత్తున తీసుకున్నారు. లండన్ పరిశోధకులు ఐదేళ్ళు వెంటబడి చూస్తే ఆశ్చర్యమైన సంగతి బయటపడింది. సహాయకుల దగ్గర ఎక్కువసేపు గడిపిన పిల్లలే, అదే స్థాయి మిగతా పిల్లల కంటే తక్కువ నేర్చుకున్నారు. సహాయకులు చెడ్డవాళ్ళు కాదు. వాళ్ళకు సరైన శిక్షణ లేదు, టీచరుతో కూర్చుని రేపటి పాఠం మాట్లాడుకునే సమయం లేదు. వెనకబడ్డ పిల్లలను వాళ్ళకప్పగించి టీచరు మిగతావాళ్ళకు పాఠం చెప్పుకుపోయారు. అంటే అందరికంటే కష్టమైన పిల్లలు అందరికంటే తక్కువ శిక్షణ ఉన్న మనిషి చేతిలో పడ్డారు. తర్వాత జరిగిన పరీక్షల్లో మాత్రం, ఒక పద్ధతి నేర్పించి, కొద్దిమంది పిల్లలతో క్రమంగా పని చేయిస్తే అదే సహాయకుల వల్ల మంచి ఫలితం వచ్చింది. డబ్బు మనిషికి మాత్రమే ఇచ్చి శిక్షణకు ఇవ్వకపోతే ఏమవుతుందో ఇంతకంటే వివరంగా చెప్పనక్కరలేదు.

యూనియన్ వాళ్ళం కనుక న్యూయార్కు కథ మనం తప్పక తెలుసుకోవాలి. అమెరికాలో 1965 విద్యాచట్టం కింద పేదల బళ్ళకు వచ్చిన కేంద్ర నిధులతో, ఆ వీధుల్లోని తల్లులనే తరగతి సహాయకులుగా తీసుకున్నారు. ఎక్కువమంది నల్లజాతి, ప్యూర్టోరికో స్త్రీలు. కూలీ అడుగంటిన కూలీ. వెల్మా హిల్ అనే ఆమె ముందుండి వాళ్ళను కూడగట్టింది. 1969లో వాళ్ళు ఓటు వేసి టీచర్ల యూనియన్‌లోనే చేరారు. 1970లో ఒప్పందం వచ్చింది. జీతం పెరగడం ఒక ఎత్తు. జీతం వస్తుండగానే కాలేజీకి పోయి చదువుకునే ఏర్పాటు, ఫీజుతో సహా, ఆ ఒప్పందంలో రాయించుకోవడం ఇంకొక ఎత్తు. సహాయకురాలిగా చేరిన తల్లి మెట్టు మెట్టుగా చదివి టీచరయ్యే దారి పడింది, చాలామంది అయ్యారు కూడా. అక్కడి టీచర్లు, వీళ్ళు మా ఉద్యోగాలు తింటారని దూరం పెట్టక, పక్కన నిలబడ్డారు. మన తమిళనాడు టీచరు సంఘాల వాళ్ళకు ఉన్న భయం మాకు తెలుసు, ఆ భయంలో న్యాయమూ ఉంది. టీచరు పోస్టు ఖాళీగా ఉంచి అక్కడ సహాయకురాలిని నిలబెడితే మేమూ వాళ్ళతో కలిసి వ్యతిరేకిస్తాం. బడిలో టీచరు ఖాళీలు పదిశాతం మించకూడదని విద్యాహక్కు చట్టమే చెబుతోంది. ముందు ఆ ఖాళీలు నింపాలి, ఆ పైన సహాయకులు రావాలి.

ఇప్పుడు మన తెలుగు పిల్లల విషయం. తల్లిభాషలో ప్రాథమిక విద్యకు సౌకర్యం కల్పించమని రాజ్యాంగం 350-ఎ అధికరణం 1956 నుంచీ చెబుతోంది. 2004 ఫిబ్రవరి 9న జిల్లా చీలిపోయినప్పుడు హోసూరు, తళి, డెంకణికోట, వేపనపల్లి వంటి తెలుగు పట్టులన్నీ కృష్ణగిరికి పోయాయి. ధర్మపురిలో మిగిలిన మనం చెదురుమదురుగా ఉన్నాం. వీధికి నాలుగిళ్ళు, తరగతికి నలుగురు పిల్లలు. నలుగురి కోసం తెలుగు మీడియం పెట్టమంటే జరిగే పని కాదు, మేము అడగడమూ లేదు. 2006 చట్టం ఒకటో తరగతి నుంచి తమిళం తప్పనిసరి చేసింది. 2015-16కు అది పదో తరగతికి చేరింది. మైనారిటీ భాషల పిల్లలకు ఆ పరీక్ష నుంచి మినహాయింపు కోసం కోర్టుల చుట్టూ తిరగడం, 2023 ఫిబ్రవరి 6న సుప్రీం కోర్టు ఇంకొక ఏడాది పొడిగించడం పత్రికల్లో చూశాం. అది పెద్ద పిల్లల సంగతి. మా అభిప్రాయంలో అసలు దెబ్బ తగిలేది ఒకటో తరగతిలో. తమిళం మనకు పరాయిది కాదు, అది రాకుండా ఈ జిల్లాలో పని దొరకదు, పంచాయతీ ఆఫీసులో పనీ జరగదు. పిల్లవాడు తమిళం బాగా నేర్వాలనే మనమూ కోరుకుంటున్నాం. నేర్వాలంటే మొదటి రెండేళ్ళు ఆ తమిళ మాటకు అర్థం తెలుగులో చెప్పే గొంతు ఒకటి తరగతిలో ఉండాలి. టీచరుకు తెలుగు రాకపోతే ఆమె తప్పు కాదు. పక్కన ఉన్న సహాయకురాలికి వస్తే చాలు.

ఆ మనిషి ఎక్కడో లేదు, మన ఇళ్ళలోనే ఉంది. పన్నెండో తరగతి పాసై, నాలుగేళ్ళు వైండింగులోనో రింగ్ ఫ్రేములోనో పని చేసి, పెళ్ళయ్యాక హాస్టలు మిల్లుకు తిరిగి పోలేక, ఇంటి దగ్గర రోజుకూలీకి పోతున్న మన కూతుళ్ళు, కోడళ్ళు. రెండు భాషలూ మాట్లాడతారు. ఇల్లం తేడి కల్వి తరగతులు నడిపినవాళ్ళూ వాళ్ళలో ఉన్నారు. అలాంటివాళ్ళను ఒకటి నుంచి మూడో తరగతి వరకు సహాయకులుగా తీసుకోవాలి. తెలుగు పిల్లలున్న బడికి తెలుగు తెలిసినవాళ్ళను, కన్నడ పిల్లలున్న చోట కన్నడ తెలిసినవాళ్ళను. కనీస వేతనానికి తగ్గకుండా పన్నెండు నెలల జీతం, పి.ఎఫ్., ఇ.ఎస్.ఐ., ప్రసూతి సెలవు. చేరకముందు జిల్లా ఉపాధ్యాయ శిక్షణ సంస్థలో జీతంతో కూడిన శిక్షణ. మూడేళ్ళు పని చేసినవాళ్ళు టీచరు డిప్లొమా చదవాలంటే ఫీజు ప్రభుత్వమే కట్టాలి. చూపు, వినికిడి, బుద్ధి మాంద్యం వంటి ఇబ్బందులున్న పిల్లలకు ప్రత్యేక టీచర్లు వేరే ఉండాలని 2021 అక్టోబరులో సుప్రీం కోర్టు చెప్పింది. ఆ పని కూడా ఈ సహాయకుల నెత్తిన రుద్దకూడదు.

డబ్బెక్కడిదని అడుగుతారు. కేంద్రం 60, రాష్ట్రం 40 పాళ్ళలో నడిచే సమగ్ర శిక్షా నిధుల మీదే ఇదంతా వేలాడదీస్తే ఏమవుతుందో 2024-25లో చూశాం. పి.ఎం. శ్రీ ఒప్పందం మీద సంతకం చెయ్యలేదని తమిళనాడుకు రావలసిన 2,152 కోట్లు కేంద్రం ఆపింది, రాష్ట్రం 2025లో సుప్రీం కోర్టుకు పోయింది. పిల్లల డబ్బును బేరానికి పెట్టడం ఎవరు చేసినా తప్పే. ఆ తగవు తెగేదాకా జీతం ఆగిపోయే ఉద్యోగం ఉద్యోగం కాదు గనుక, సహాయకుల జీతం రాష్ట్ర బడ్జెట్‌లోనే సొంత పద్దు కింద ఉండాలి. 1982 జూలైలో సత్తుణవు పథకం మొదలుపెట్టినప్పుడూ ఖజానా ఏమైపోతుందోనని భయపెట్టినవాళ్ళున్నారు. ఖజానా ఏమీ కాలేదు, 2022లో దాని మీద పొద్దుటి టిఫిన్ కూడా చేర్చగలిగారు. సత్తుణవు కేంద్రంలో నిర్వాహకురాలు, వంటమనిషి, ఆమెకు సహాయకురాలు ఉంటారు. వంటకు ఒక్కరు చాలరని గుర్తించిన ప్రభుత్వానికి ఐదు తరగతులకు ఇద్దరు చాలరని చెప్పడం కష్టం కాకూడదు. సత్తుణవు అక్కల జీతం పోరాటం ఇంకా మిగిలే ఉందన్నది వేరే సంగతి, దాని గురించి వచ్చే సంచికలో రాస్తాం.

సభ్యులు చెయ్యవలసిన పని ఒకటుంది. విద్యాహక్కు చట్టం ప్రకారం పాఠశాల నిర్వహణ కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి, మొత్తంలో సగం స్త్రీలు ఉండాలి. మీ బడి కమిటీలో మన మిల్లు తల్లులెందరున్నారో కనుక్కోండి. ఒకటో తరగతిలో ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లలు ఎందరో టీచరమ్మను అడిగి రాసుకోండి. లెక్క లేకుండా ఏ ఆఫీసరూ మన కాగితం చదవడు. జనవరి 26, మే 1, ఆగస్టు 15, అక్టోబరు 2న జరిగే గ్రామసభల్లో తీర్మానం పెట్టవచ్చు. మే 1న ఎలాగూ జెండా ఎగరేస్తాం, జెండా కాడ నుంచి నేరుగా గ్రామసభకు పోదాం. తీర్మానం నమూనా తెలుగులోనూ తమిళంలోనూ యూనియన్ ఆఫీసులో ఉంది. షిఫ్టు దిగి ఇంటికి పోయేటప్పుడు వచ్చి తీసుకోండి, సంతకాలు చేయించి ఒక నకలు ఆఫీసుకు తెచ్చివ్వండి. అన్ని ఊళ్ళవీ కలిపి కలెక్టరు గారికి ఇస్తాం.